పాతది మళ్ళీ బిగించి చూశాకే తీర్పు: ఆఫ్‌రోడ్ షాక్ అబ్జార్బర్ల పోలిక, ఎంపిక

షాక్ అబ్జార్బర్లు మార్పించుకున్నవాళ్ళని ఎవర్ని అడిగినా ఒకే మాట చెబుతారు: "బండి పూర్తిగా మారిపోయింది." అబద్ధం కాదు, నిజంగానే మారి ఉంటుంది. కానీ ఆ బండి నుంచి విప్పి తీసినవి ఎలాంటివి? లక్ష కిలోమీటర్లు తిరిగి, గ్యాస్ పోయి, సీలు దగ్గర ఆయిల్ చెమర్చి, ఎప్పుడో చచ్చిపోయిన షాక్స్. వాటి స్థానంలో ఏ కంపెనీవి వేసినా, ఏ రకానివి వేసినా బండి మారినట్టే ఉంటుంది. అక్కడ పోటీ పడింది రెండు కొత్త షాక్స్ కావు, బతికున్నదీ చచ్చినదీ. ఇలాంటి అనుభవాలు పది విని కొనడానికి వెళితే మన చేతికి ఏ సమాచారమూ వచ్చినట్టు కాదు.

నేనూ ఇదే తప్పు చేశాను. మొదటిసారి షాక్స్ మార్చిన రోజే స్ప్రింగులు కూడా మార్చాను, బండి 40 మి.మీ. లేచింది. ఆ సాయంత్రమే టైర్లలో గాలి 32 పీఎస్ఐ నుంచి 24కి దించి మట్టిరోడ్డు ఎక్కాను. బండి తేలిపోతున్నట్టు వెళ్ళింది. ఆ ఘనత అంతా షాక్స్‌దే అని చాలామందికి చెప్పాను కూడా. కొన్ని నెలల తర్వాత గాలి మళ్ళీ 32కి పెట్టి అదే రోడ్డు మీద వెళితే, నేను పొగిడిన మెత్తదనంలో చాలా భాగం టైర్లదే అని తెలిసింది. నా మాట విని అవే షాక్స్ కొన్నవాళ్ళు గుర్తొచ్చి చాలా బాధ కలిగింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక వెనక్కి వెళ్ళి పాతది మళ్ళీ బిగించి చూడాలి.

షాక్ చేసే పని

బండి బరువు మోసేది స్ప్రింగు, లేదా కమాన్లు. షాక్ బరువు మోయదు. గుంతలో పడి స్ప్రింగు నొక్కుకున్నప్పుడు అందులో చేరిన శక్తిని వేడిగా మార్చి గాలిలోకి వదలడమే దాని పని. లోపల పిస్టన్ ఆయిల్‌లో కదులుతుంది, ఆయిల్ సన్నటి దారుల గుండా, పలచటి ఉక్కు పళ్ళేలను వంచుకుంటూ అవతలికి వెళుతుంది. పిస్టన్ ఎంత వేగంగా కదిలితే షాక్ అంత బలంగా ఎదురు నిలుస్తుంది. ఇక్కడ వేగం అంటే బండి వేగం కాదు, పిస్టన్ వేగం. మలుపులో బండి ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముందుకు వంగేటప్పుడు అది సెకనుకి 0.1 మీటరు ఉంటుందేమో. పదునైన గుంత అంచు తగిలితే 1 మీటరు దాటిపోతుంది. ఈ రెండు చోట్లా ఒకే షాక్ రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు. అందుకే "గట్టి షాక్", "మెత్తటి షాక్" అనే మాటలతో పోలిక కుదరదు. ఏ వేగం దగ్గర గట్టి, ఏ వేగం దగ్గర మెత్తన అని అడగాలి.

షాపులో రాడ్‌ని చేత్తో నొక్కి చూసి "ఇది భలే గట్టిగా ఉంది" అనడం అందరం చేసేదే. దాన్ని నమ్మకండి. చేత్తో నొక్కే వేగం చాలా తక్కువ. పైగా లోపల గ్యాస్ పీడనం ఉన్న షాక్‌లో చేతికి తగిలే గట్టిదనం చాలావరకు ఆ గ్యాస్‌దే. లెక్క చూడండి: రాడ్ మందం 14 మి.మీ., లోపలి పీడనం 25 బార్ అయితే, రాడ్‌ని బయటికి తోసే బలం సుమారు 39 కిలోల బరువుకి సమానం. డాంపింగ్, అంటే ఆయిల్ వల్ల కదలికకి వచ్చే అడ్డు, సంగతి ఆ నొక్కుడులో ఏమీ తెలియదు.

రకాలు, వాటి బలాబలాలు

ట్విన్ ట్యూబ్ షాక్‌లో ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది. పిస్టన్ లోపలి గొట్టంలో కదులుతుంది, మిగులు ఆయిల్ బయటి గొట్టంలోకి వెళుతుంది. రాయి తగిలి బయటి గొట్టం కొంచెం నొక్కుకుపోయినా పని ఆగదు. రాళ్ళలో తిరిగే బండికి ఇది చిన్న లాభం కాదు. బలహీనత వేడి: లోపలి గొట్టంలో పుట్టిన వేడి నేరుగా గాలికి చేరదు. గ్యాసూ ఆయిలూ ఒకే గదిలో ఉండడం వల్ల ఎక్కువసేపు కుదిపితే నురగ కట్టే అవకాశమూ ఉంది. నురగకి ఎదురు నిలిచే శక్తి ఉండదు, షాక్ ఉన్నట్టుండి ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తుంది. ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ స్పోర్ట్ ఈ జాతిదే. ఫోమ్ సెల్ అనేవి కూడా ట్విన్ ట్యూబ్‌లే, కాకపోతే బయటి గదిలో విడి గ్యాస్ బదులు గ్యాస్‌ని తనలో బంధించుకున్న ఫోమ్ ఉంటుంది, కాబట్టి అది ఆయిల్‌లో కలవదు. ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ ఈ పద్ధతి వాడతాయి.

మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం. ఆయిల్‌కీ నైట్రోజన్‌కీ మధ్య తేలియాడే పిస్టన్ అడ్డుగోడలా ఉంటుంది. వేడి నేరుగా గొట్టం గోడ నుంచి గాలిలోకి పోతుంది. బిల్‌స్టీన్ 5100 దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ, పిస్టన్ 46 మి.మీ. ఇక్కడి బలహీనత ఏమిటంటే, పిస్టన్ రుద్దుకునేది బయటికి కనిపించే గొట్టం గోడకే. దానికి రాయి తగిలి లోతుగా సొట్ట పడితే పిస్టన్ అక్కడ పట్టేస్తుంది.

రిజర్వాయర్ ఉన్నవాటిలో పక్కన ఇంకో చిన్న సీసా ఉంటుంది. ఆయిల్ ఎక్కువ పడుతుంది కాబట్టి వేడెక్కడం ఆలస్యమవుతుంది. గ్యాస్ గది బయటికి వెళ్ళడంతో లోపల పిస్టన్‌కి ప్రయాణించే చోటు పెరుగుతుంది. ఫాక్స్, కింగ్ కంపెనీల 2.5 అంగుళాల మోడళ్ళలో ఇవి మామూలే. బైపాస్ షాక్‌లో పిస్టన్ ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి కూడా గట్టిదనం మారుతుంది: నడిమి భాగంలో మెత్తగా, చివరికి వచ్చేసరికి గట్టిగా. ఓల్డ్ మ్యాన్ ఈము బీపీ-51 ఆ కోవలోది.

ఈ వివరణ చదివి "అయితే మోనోట్యూబే మేలు" అనుకుంటారు చాలామంది. నాకు ఆ తొందర నచ్చదు. కోనీ హెవీ ట్రాక్ రెయిడ్ ట్విన్ ట్యూబే, కానీ లావుపాటి గొట్టం, బోలెడంత ఆయిల్. దాన్ని సన్నటి మోనోట్యూబ్ పక్కన పెట్టి గొట్టాల సంఖ్య చూసి తీర్పు చెప్పలేం. బండిలో కూర్చున్నవాడికి తెలిసేది లోపలి వాల్వింగ్, అంటే ఆ ఉక్కు పళ్ళేల అమరిక ఎంత బరువున్న బండిని మనసులో పెట్టుకుని చేశారన్నది. 300 కిలోల సామాను కోసం చేసిన షాక్‌ని ఖాళీ బండికి వేస్తే ఎంత గొప్ప కంపెనీదైనా నడుము విరగ్గొడుతుంది.

పరీక్షకి ముందు సమానం చేయాల్సినవి

మొదట బరువు. వే బ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచి రాసుకోండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉండటానికీ సగం ఉండటానికీ మధ్య బరువు తేడా 80 లీటర్ల ట్యాంకులో సుమారు 33 కిలోలు, అదంతా దాదాపు ఒక్క ఇరుసు మీదే. ప్రతి పరుగుకీ ట్యాంకు ఒకే గీత దగ్గర ఉండాలి.

టైరు గాలి అన్నిటికన్నా పెద్ద దొంగ. ఉష్ణోగ్రత 5-6 డిగ్రీలు పెరిగితే టైరులో సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున చల్లటి పూట ఒక జతని, మధ్యాహ్నం ఎండలో ఇంకో జతని నడిపితే, రెండోది మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ గాలితో పరీక్ష రాసినట్టే. పాపం అది గట్టిగా ఉందని మార్కులు పోతాయి. ఒకే గేజ్‌తో, ప్రతి పరుగుకి ముందూ చూసి సరిచేయండి.

ఇక బిగింపు. రబ్బరు బుష్ ఉన్న షాక్‌కి బోల్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే ఇవ్వాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడే బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలితిరిగి అదే ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. ఇలా బిగించిన జతని తిట్టుకుంటూ తిరిగినవాళ్ళని చూశాను. బోల్టులు వదులు చేసి మళ్ళీ బిగిస్తే సగం గొడవ పోయింది.

పొడవులు కొలవకుండా ఏ పరీక్షా మొదలుపెట్టకండి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు బంప్ స్టాప్ (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలాలి, షాక్ అడుగు తగలకూడదు. పూర్తిగా వేలాడినప్పుడు చక్రం బరువంతా షాక్ మీదే పడే పొట్టి షాక్ ఎక్కువ రోజులు బతకదు. కొత్త షాక్ సీలు, బుష్‌లు కాస్త సర్దుకోవడానికి ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిప్పి, అప్పుడు పరీక్షకి తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి. షాక్‌ని నిట్టనిలువుగా కాక 30 డిగ్రీలు వాల్చి బిగించిన బండిలో చక్రం దగ్గర దొరికే డాంపింగ్ దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. కాబట్టి వేరే మోడల్ బండిలో ఆ షాక్ ఎలా ఉందన్న మాట మీ బండికి వర్తించకపోవచ్చు.

రోడ్డు, క్రమం, కళ్ళు మూసుకోవడం

పరీక్షకి నాలుగు రకాల చోట్లు కావాలి: నిదానంగా ఎక్కే రాళ్ళ దారి, అలల్లా గట్లు కట్టిన మట్టిరోడ్డు, బండిని ఒక్కసారిగా అడుక్కి కూర్చోబెట్టే పల్లం, బ్రేకు వేసి చూడటానికి మామూలు తారు రోడ్డు. అన్నీ ఒకే చోట దొరక్కపోతే మొదటి ప్రాధాన్యం గట్ల రోడ్డుకి ఇవ్వండి. షాక్ నిజస్వరూపం బయటపడేది అక్కడే.

ఆ రోడ్డు గురించి కొంచెం ఆగి చెప్పాలి. గట్టుకీ గట్టుకీ మధ్య 0.8 మీటరు ఉందనుకుందాం. గంటకి 36 కి.మీ. వేగంలో సెకనుకి పన్నెండున్నర దెబ్బలు. బరువైన ఇరుసు తనంతట తాను ఎగిరిపడే లయ కూడా సెకనుకి సుమారు 10-15 సార్లు ఉంటుంది. రెండూ కలిసినప్పుడు బండి విడిపోతుందా అన్నంత అదురుతుంది. 60 దాటితే దెబ్బలు ఇరవై పైకి చేరి, చక్రాలు గట్ల నెత్తి మీదుగా దాటిపోతూ హాయిగా అనిపిస్తుంది. అంటే ఒక జతని 40లో, ఇంకో జతని 55లో నడిపితే వచ్చే తేడా షాక్స్‌ది కాదు, వేగానిది. ఒకే వేగం పట్టండి, జీపీఎస్ చూసి పట్టండి. వీలైతే రెండు మూడు వేగాల్లో విడివిడిగా చేయండి.

క్రమం కూడా ముఖ్యమే. మొదటి జత, రెండో జత అని ఆపేస్తే రెండోదానికి ఎప్పుడూ లాభమో నష్టమో ఉంటుంది: డ్రైవరుకి దారి అలవాటవుతుంది, మట్టి చెదిరి గట్లు మారతాయి, ఎండ పెరుగుతుంది. మొదటిది, రెండోది, మళ్ళీ రెండోది, మళ్ళీ మొదటిది అనే వరస ఈ తేడాలను చాలావరకు సరిచేస్తుంది. జాకీ ఎత్తి నాలుగు షాక్స్ విప్పి బిగించడం చిన్న పని కాదని నాకు తెలుసు. ఓపిక లేకపోతే కనీసం మొదటిది, రెండోది, మొదటిది చేయండి. మొదటి జత రెండు పరుగుల మధ్యే పెద్ద తేడా కనిపిస్తే ఆ రోజు పరీక్ష చెల్లదు. రెండో జత మీద తీర్పు చెప్పకుండా ఇంటికి వచ్చేయండి.

ఒకే మోడల్ బండ్లు రెండు ఉంటే పని తేలిక. రెండింటినీ తూచి సమానం చేయండి, చక్రాలు అటూ ఇటూ మార్చి ఒకసారి, డ్రైవర్లను మార్చి ఒకసారి నడపండి.

డ్రైవరుకి ఏ జత బిగించారో చెప్పకూడదు. ఇది పట్టింపు కాదు, అవసరం. ఎక్కువ డబ్బు పోసి కొన్నది బాగుండాలని మనసు కోరుకుంటుంది, ఒంటికి అదే తెలుస్తుంది. బిగించేవాళ్ళు ఒకరు, నడిపేవాళ్ళు ఇంకొకరు, వెనక సీట్లో కూర్చుని కాగితం మీద మార్కులు వేసేవాళ్ళు మరొకరు ఉంటే మంచిది. నా అనుభవంలో వెనక సీటువాళ్ళ మాటే ఎక్కువ నమ్మదగ్గది, వాళ్ళ చేతిలో స్టీరింగ్ ఉండదు కదా.

ఏమేం కొలవాలి

ఖరీదైన పరికరాలు లేకుండానే చాలా తెలుసుకోవచ్చు. షాక్ రాడ్‌కి ఒక సన్నటి ప్లాస్టిక్ టై కట్టండి, అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత నొక్కుకుందో తెలుస్తుంది. బంప్ స్టాప్ ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఫోన్‌ని సీటు పట్టాల దగ్గర నేలకి గట్టిగా బిగించి, అదురుని రికార్డు చేసే యాప్ నడపండి, ప్రతిసారీ అదే చోట. మనిషి ఒళ్ళు సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురుకి ఎక్కువ ఇబ్బంది పడుతుంది, కాబట్టి ఆ భాగాన్ని విడిగా చూడండి. ఇరుసు అదురుని కొలవడానికి ఫోన్ సరిపోదు.

ఫోన్‌లో అతి తక్కువ అంకె వచ్చిన షాక్ గెలిచినట్టు కాదు. మెత్తటి షాక్ గట్ల మీద హాయిగా ఉండి, పల్లంలో బంప్ స్టాప్‌కి ధడేల్మని కొడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రీబౌండ్ దగ్గర ఒక మోసం ఉంది. నొక్కుకున్న చక్రం తిరిగి కిందికి దిగడాన్ని షాక్ మరీ గట్టిగా ఆపితే, తర్వాతి గట్టు వచ్చేలోగా చక్రం పూర్తిగా దిగదు. గట్టు గట్టుకీ బండి కొంచెం కొంచెం కుంగుతూ, బంప్ స్టాప్‌కి దగ్గరవుతుంది. కూర్చున్నవాళ్ళకి అది మొద్దు షాక్ అనిపిస్తుంది, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి గట్టిదనం) తగ్గించాలంటారు. నిజానికి తగ్గించాల్సింది రీబౌండ్. పక్క నుంచి చక్రాన్నీ మడ్‌గార్డునీ వీడియో తీస్తే బండి కుంగడం స్పష్టంగా కనిపిస్తుంది.

వేడి పరీక్ష తప్పనిసరి. అదే గట్ల రోడ్డు మీద 20 కి.మీ. ఆగకుండా నడిపి, ఆగిన వెంటనే ప్రతి షాక్ ఉష్ణోగ్రత చూడండి. గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం, క్రోమ్ మీద తక్కువ చూపిస్తుంది. అన్ని షాక్స్ మీద ఒకే చోట నల్లటి టేప్ ముక్క అంటించి దాని మీదే గురిపెట్టండి. ఆ తర్వాత మొదటి కిలోమీటరునీ చివరి కిలోమీటరునీ ఫోన్ రికార్డుల్లో పోల్చండి. చల్లగా ఉన్నప్పుడు ఓడిపోయిన షాక్ వేడెక్కాక గెలవడం చాలాసార్లు జరుగుతుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్ళు ఈ రెండో ఫలితాన్నే చూడాలి.

షాక్ డైనో (షాక్‌ని ఆడించి ఏ వేగం దగ్గర ఎంత బలంగా ఎదురు నిలుస్తుందో గ్రాఫ్ గీసే యంత్రం) దొరికితే అదృష్టమే, కానీ గ్రాఫ్ ఎక్కడ ఆగిందో చూడండి. 50 మి.మీ. కదలికతో సెకనుకి రెండుసార్లు తిప్పితే అత్యధిక వేగం 0.31 మీటరే. ఆ గ్రాఫ్ మలుపుల గురించి చెబుతుంది, పదునైన గుంతల గురించి ఏమీ చెప్పదు. నేనైతే డైనో మీద ముందుగా ఒకే మోడల్ కుడి ఎడమ షాక్స్‌ని పోలుస్తాను. జతలోనే తేడా ఉంటే మిగతా పోలికలన్నీ అనవసరం.

ఎవరికి ఏది

ఎక్కువగా కొండదారుల్లో, రాళ్ళలో, నిదానంగా, తక్కువ సామానుతో తిరిగే బండికి మంచి ట్విన్ ట్యూబ్ లేదా ఫోమ్ సెల్ చాలు. అక్కడ వేడి సమస్య రాదు, రాయి దెబ్బ సమస్య వస్తుంది. ఇంతకన్నా ఖరీదైనది కొనమని నేను చెప్పను.

వారాల తరబడి నిండు సామానుతో మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్ళు ముందు స్ప్రింగు సరైనది వేసుకోవాలి, తర్వాతే షాక్. పెద్ద పిస్టన్ ఉన్న మోనోట్యూబ్, లేదా ఆయిల్ ఎక్కువ పట్టే లావుపాటి ట్విన్ ట్యూబ్ చూడండి. 46 మి.మీ. పిస్టన్ పక్కన 60 మి.మీ. పిస్టన్ వైశాల్యం దాదాపు 1.7 రెట్లు. అదే పని తక్కువ పీడనంతో జరుగుతుంది. రిజర్వాయర్ అవసరమా అన్నది వేడి పరీక్షే చెప్పాలి. చివరి కిలోమీటరులో షాక్ పట్టు తప్పి బండి ఊగిపోతుంటే కొనండి, లేకపోతే అది రాయి తగలడానికి ఇంకో వస్తువు మాత్రమే. బైపాస్ ఇసుక దిబ్బల్లో, ఎడారిలో వేగంగా పోయేవాళ్ళకి ఉపయోగం. మిగతావాళ్ళు ఆ డబ్బుని టైర్లకి పెడితే మేలు.

నాబ్ తిప్పి గట్టిదనం మార్చుకునే షాక్స్ బరువు తరచూ మారే బండికి నిజంగా పనికొస్తాయి. కొనేముందు ఆ నాబ్ దేన్ని మారుస్తుందో అడగండి: రీబౌండ్ ఒక్కటేనా, కంప్రెషన్ కూడానా? పరీక్షలో నాబ్ ఎన్నో క్లిక్ మీద ఉందో రాయకపోతే ఆ ఫలితం ఎవరికీ ఉపయోగపడదు. పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కపెట్టండి.

విప్పి సీళ్ళు మార్చి మళ్ళీ వాడుకునే రకమా, పాడైతే పారేయాల్సిన రకమా అన్నది కూడా ముందే తేల్చుకోండి. విప్పే రకమైతే ఆ పని చేసేవాళ్ళూ సీళ్ళూ మీకు అందుబాటులో ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ సౌకర్యం కాగితం మీదే మిగిలిపోతుంది.

బిగించాక వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి బోల్టుల బిగింపు, సీళ్ళ దగ్గర చెమ్మ చూడండి. పరీక్ష రోజు అంకెలు, తేదీ, టైరు గాలి, బరువు, నాబ్ క్లిక్కులు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకోండి. ఇరవై వేల కిలోమీటర్ల తర్వాత అదే రోడ్డుకి, అదే గాలితో, అదే వేగంతో వెళ్ళి మళ్ళీ కొలవండి. షాక్ అరుగుదల రోజుకి కొంచెం చొప్పున వస్తుంది కాబట్టి ఒంటికి తెలియదు, ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.